వాన వస్తే సంచి విప్పి తొడుక్కోండి

విప్పి మడిస్తే సంచి అయ్యే జర్కిన్ ప్రకటన వీడియో మీరూ చూసే ఉంటారు. వారం రోజులుగా ఫోను ముట్టుకుంటే చాలు, మంచుకొండ మీద ఒక గడ్డం కుర్రాడే. ఒంటిమీది జర్కిన్ విప్పుతాడు, అటు తిప్పి ఇటు మడిచి జిప్పు లాగుతాడు, భుజాన తగిలించుకుని కొండ అంచున నిలబడి ఎటో చూస్తాడు. ఏం చూస్తున్నాడో కంపెనీవాళ్లు చెప్పలేదు. అంత మంచులో జర్కిన్ ఎందుకు విప్పాడో అసలే చెప్పలేదు.

మా ఆఫీసులో అప్పుడే కొందరు ఆర్డరిచ్చేశారు. వాళ్లెవరూ కొండలెక్కే బాపతు కాదు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేవాళ్లు. ఆ దారిలో ఎక్కాల్సింది ఎస్కలేటర్ ఒక్కటే, అదీ వాళ్లు ఎక్కరు, అదే ఎక్కిస్తుంది. అయినా "ఎప్పుడు ఏ అవసరమొస్తుందో" అంటున్నారు. ఏ అవసరం అని అడిగితే జాలిగా చూస్తున్నారు.

ఈ వస్తువులో రెండు జాతులున్నాయి. మొదటిది తన జేబులోకి తానే దూరే రకం. చేతులు, టోపీ, వీపు అంతా కుక్కి జిప్పు వేస్తే బుల్లి సంచి తయారవుతుంది. ఆ సంచిలో ఏముంటుంది? జర్కిన్ ఉంటుంది. ఇంకేమైనా పడుతుందా? పట్టదు, జర్కిన్ ఉంది కదా. తనను తాను మోసుకోవడానికి తప్ప మరే పనికీ రాదన్నమాట. దీన్ని సంచి అనగలిగితే ఉల్లిపాయనూ సంచి అనొచ్చు.

ఈ రకానికి మూలపురుషుడు ఒకాయన ఉన్నాడు, ఆయన్ని నేనేమీ అనను. 1965లో పారిస్‌లో లియోన్-క్లోద్ దుహమెల్ ‘కే-వే’ అనే నైలాను వాన కోటు తెచ్చాడు. వాన వెలిస్తే దాని జేబులోకే దాన్ని మడిచి నడుముకు కట్టుకోవడమే. వాన లేనప్పుడు చేతికి అడ్డం రాకపోవడం దాని గొప్ప, అంతవరకే. అరవై ఏళ్ల కిందటి ఆ తెలివికి ఇప్పుడు భుజం పట్టీ ఒకటి కుట్టి విప్లవం అంటున్నారు.

నా కడుపుమంట అసలు రెండో జాతి మీద. ఇది నిజంగానే సంచి అవుతుంది. జర్కిన్‌ను తిరగేసి, చేతులు లోపలికి తోసి, అడుగున జిప్పు మూస్తే ఖాళీ సంచి చేతికొస్తుంది. సామాను పడుతుంది. కంపెనీవాడి ధీమా అంతా అక్కడే. నా గొడవా అక్కడే.

పంజాగుట్టలో నడుస్తున్నారనుకోండి. భుజాన ఈ సంచి. సంచిలో ల్యాప్‌టాప్, ఛార్జరు, టిఫిన్ డబ్బా, దారిలో కొన్న అర డజను అరటిపళ్లు. వాన మొదలైంది. కంగారెందుకు, మీకు వాన కోటు ఉంది, వేలు పోసి కొన్నది. ఎక్కడుంది? అరటిపళ్ల చుట్టూ ఉంది.

ముందుగా ఒక పొడి చోటు వెతుక్కోవాలి. పొడి చోటే దొరికితే కోటెందుకని అడక్కండి, కంపెనీవాడు నొచ్చుకుంటాడు. ఎలాగూ దొరకదు. మన బస్టాపుల్లో కప్పున్నవి ఎన్నో, ఆ కప్పు కింద కారనివి ఎన్నో మీకు తెలుసు. కాబట్టి నడిరోడ్డు పక్కనే సామాను తీయాలి. ల్యాప్‌టాప్ చంకలో, ఛార్జరు మెళ్లో, టిఫిన్ డబ్బా మోకాళ్ల సందున, అరటిపళ్లు ఎడమచేత. ఇక మిగిలిన ఒక్క చేత్తో సంచిని తిరగేసి, లోపల నక్కిన చేతులను బయటికి లాగి, ఏ జిప్పు మెడదో ఏ జిప్పు అడుగుదో పోల్చుకుని తొడుక్కోవాలి. మోకాళ్ల సందున డబ్బా ఉందన్న సంగతి మరవకూడదు. ఇదంతా మీరు చేయగలిగారనే అనుకుందాం. ఇక మీరు తడవరు. ల్యాప్‌టాప్ తడుస్తుంది.

పోనీ అలా కాదు, ల్యాప్‌టాప్‌నే కాపాడుకుందామనుకున్నారు. సంచి సంచిగానే ఉండనిచ్చారు. అప్పుడు ల్యాప్‌టాప్ వాన కోటు తొడుక్కుని దర్జాగా వస్తుంది, మీరు తడుస్తూ దాన్ని మోస్తారు. బయట తిరిగే మనిషికి కోటూ సంచీ ఒకే క్షణంలో కావాలన్న ముక్క తట్టకుండా ఒక కంపెనీ, దానికొక డిజైన్ విభాగం, ఆ విభాగానికొక అధిపతి, ఆయనకొక జీతం. రెంటికీ చెడ్డ రేవడిని తయారుచేసి, ఒకే ధరకు రెండు వస్తువులంటున్నారు. ఒక్కో క్షణంలో చేతిలో ఉండేది ఒకటే, లేనిది మాత్రం ఎప్పుడూ కావాల్సినదే.

ఇంకా ఉంది. వాన వెలిసింది. కోటును మళ్లీ సంచి చేయాలి, ఎందుకంటే డబ్బా ఇంకా మోకాళ్ల సందునే ఉంది. తిరగేస్తే కదా సంచయ్యేది! తిరగేశారు. ఇందాకటిదాకా వాన తాగిన ముఖం లోపలికి పోయింది, పొడిగా ఉన్న అస్తరు పైకి వచ్చింది. బయట చూడబోతే ఎండలో ఆరేసినట్టుంది, లోపల చెరువు. ఆ చెరువులోకి ల్యాప్‌టాప్. నీళ్లు దూరకుండా వేసిన పూత, దూరిన నీళ్లను బయటికి పోనివ్వకుండా కూడా అంతే నిష్ఠగా పనిచేస్తుంది.

ఆఫీసులో ఏసీకి చలేస్తే? బల్ల మీద మళ్లీ కుమ్మరించండి.

గుడ్డ సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే ప్రకటనలో "అధునాతన ఫ్యాబ్రిక్" అని ఓ ముక్క వాడుతున్నారు. దారం మందాన్ని డెనియర్‌లో కొలుస్తారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. మడిచి జేబులో దోపుకునే పలచని గాలి జర్కిన్‌లకు 20 డెనియర్ అటూ ఇటూ గుడ్డ వాడతారు. బరువు మోసే వీపు సంచులకు 500, 1,000 డెనియర్ల గుడ్డ వాడతారు. ఒకటి తేలిగ్గా ఉంటేనే గొప్ప, రెండోది మొండిగా ఉంటేనే గొప్ప. రెండూ ఒకే గుడ్డతో కుట్టాలంటే సంచికి పలచగా, ఒంటికి బరువుగా ఉండేదేదో కుట్టాలి, అదే కుట్టారు. పైగా వాన ఆపే పాలీయురేథేన్ పూతను తడితడిగా మడిచి వదిలేస్తే కొన్నాళ్లకు జిగురు పట్టి పొట్టులా రాలుతుంది. బాతు ఈకల జర్కిన్‌లనైతే నొక్కిపెట్టి ఎక్కువకాలం దాచొద్దని తయారుచేసినవాళ్లే చెబుతారు. నొక్కితే ఈకలు పొంగవు, పొంగకపోతే వెచ్చదనం ఉండదు. ‘మడవండి, మడవండి’ అని అమ్మిన వస్తువు లోపలి చీటీ మీద ‘మడిచి ఉంచకండి’ అని ఉంటుందన్నమాట.

అన్నట్టు, మనకు చలెక్కడిది? డిసెంబరులో హైదరాబాద్ రాత్రులు 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి, ఆదిలాబాద్ వాళ్లు దాన్ని చలి అంటే నవ్వుతారు. బెజవాడలో సంక్రాంతి మధ్యాహ్నం కూడా ఫ్యాను తిరుగుతుంది. లంబసింగి ఒక్కటి ఒప్పుకుంటాను. తెల్లవారుజామున మంచులో వణికి, తొమ్మిదింటికల్లా జర్కిన్ విప్పేస్తాం. విప్పి ఏం చేస్తాం? దాని రెండు చేతులూ నడుముకు ముడేస్తాం. ప్రతి జర్కిన్‌కీ పుట్టుకతోనే రెండు పట్టీలున్నాయి. వాటికి ఎవడూ విడిగా డబ్బు తీసుకోవడం లేదు, అదే కాబోలు వాటిలోని లోపం.

అసలు గిరాకీ విమానాశ్రయాల్లో అంటారు. ఒప్పుకుంటాను, అక్కడ ఈ పిచ్చికి చరిత్ర కూడా ఉంది. జాక్‌టోగో అనే కోటును సామాను రుసుము ఎగ్గొట్టడానికే అని చెప్పి అమ్మారు. మడిస్తే సంచి, తొడిగితే ఒళ్లంతా జేబులు. 2015లో బావ్‌బాక్స్ అనే ప్రయాణపు జాకెట్ కిక్‌స్టార్టర్‌లో 90 లక్షల డాలర్లకు పైగా చందా పోగేసింది. మెడకు గాలిదిండు, కళ్లకు గంతలు, చేతికి తొడుగులు, పానీయానికి జేబు, మొత్తం పదిహేను సౌకర్యాలట. కళ్లకు గంతలు కోటుతోపాటే ఇవ్వడం మాత్రం నాకు నచ్చింది.

దేశీయ విమానాల్లో చేతి సంచికి 7 కిలోలు. ఎనిమిదో కిలోకి రసీదు. అదే కిలో జర్కిన్ జేబుల్లో దూరితే రసీదు లేదు. విమానానికి ఆ బరువు పెట్టెలో ఉన్నా పొట్టమీద ఉన్నా ఒకటే, ఎగరేయాల్సింది ఎగరేయాల్సిందే. టికెట్ అమ్మేవాడికే తేడా. ఈ నియమం బుర్రలేనిదని అందరికీ తెలుసు. తెలిసిన మనం నియమం మార్చమని గొడవ చేయం. మనమే పెట్టెలుగా మారతాం, దానికి ఎదురు డబ్బు కూడా కడతాం.

ఆగస్టులో శంషాబాద్ వెళ్లి ఓ రాత్రి నిలబడండి. అమెరికా చదువులకు వెళ్లే పిల్లలు ఉక్కపోతలో జర్కిన్ మీద జర్కిన్ వేసుకుని ఉంటారు. చలికి కాదు. 23 కిలోల పెట్టె 25 తూగింది. వరసలోంచి పక్కకు రమ్మంటారు. నేలమీద పెట్టె విప్పుతారు. కంది పొడి తీయాలా, కుక్కర్ తీయాలా, గోంగూర పచ్చడి తీయాలా అని ఇల్లంతా నలుగురి మధ్య కూర్చుని తేల్చుకోవాలి. పచ్చడి సీసాకు నాలుగు పొరల కవరు చుట్టి, దానిమీద గుడ్డ చుట్టి, రాత్రంతా కూర్చున్న తల్లి ఆ సీసాను వెనక్కి తీసుకుంటుంది. అప్పు చేసి పంపుతున్న తండ్రి అటు తిరుగుతాడు. కుర్రాడు మరో జర్కిన్ తొడుక్కుంటాడు, జేబుల్లో పప్పు పొట్లాలు దూరుస్తాడు, చెమట కక్కుతూ లోపలికి పోతాడు. ఇది సరదా కాదు. ఇది చూసి ‘స్మార్ట్ ట్రావెల్’ అని పేరుపెట్టి, నవ్వుతున్న మోడల్‌కు తొడిగి అమ్మడానికి సిగ్గుండాలి.

అంతకంటే సిగ్గుండాల్సిన చోటు ఇంకొకటుంది. కోటూ సంచీ రెండూ వేసుకుని రోజంతా బయట బతికే మనిషి మన నగరాల్లో ఎవరు? మన ఇంటికి బిర్యానీ తెచ్చే కుర్రాడు. వాన పడితే అతను చేసే మొదటి పని సంచికి కవరు కప్పడం. సంచి తడిస్తే అన్నం తడుస్తుంది, అన్నం తడిస్తే నక్షత్రాలు తగ్గుతాయి. తను తడిస్తే ఏదీ తగ్గదు. అతనికి కావాల్సింది గట్టి కోటొకటి, గట్టి సంచొకటి, విడివిడిగా. అతన్ని ఏ డిజైనరైనా ఒక్క మాట అడిగాడా? అతనికి అమ్మే వస్తువు కాదు కాబట్టి అడగడు. మంచుకొండ మీద గడ్డం కుర్రాడిని నిలబెడతాడు.

ఒకే గుడ్డ అన్నీ కావాల్సిన మనుషులు నిజంగానే ఉన్నారు. డెట్రాయిట్‌లో వెరోనికా స్కాట్ అనే అమ్మాయి విద్యార్థిగా ఉండగా ఒక కోటు తయారుచేసింది. తొడుక్కుంటే కోటు, విప్పితే నిద్ర సంచి, మడిస్తే భుజాన వేసుకునే సంచి. ఇళ్లు లేక రోడ్డుమీద పడుకునేవాళ్ల కోసం. మాకు కోట్లు కాదు పని కావాలి అని వాళ్లలో ఒకావిడ మొహాన అరిస్తే, ఆ కోట్లు కుట్టే పనిని అలాంటివాళ్లకే ఇచ్చింది. ‘ఎంపవర్‌మెంట్ ప్లాన్’ అనే ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. జపాన్‌లో 1994లో కోసుకే త్సుమురా ‘ఫైనల్ హోమ్’ అని 44 జేబుల కోటు కుట్టాడు. ఇల్లు పోతే ఒంటిమీద ఏముండాలి అన్నది ఆయన ప్రశ్న, చలేస్తే ఆ జేబుల్లో పాత పేపర్లు కుక్కుకోవాలి. అక్కడ కోటు సంచి అవుతున్నదంటే మరో సంచి లేకనే, పరుపు అవుతున్నదంటే మంచం లేకనే. ఆ లేమిని ఎత్తుకొచ్చి, దానికి రంగుల జిప్పులు వేసి, మూడు బీరువాల నిండా బట్టలున్నవాడికి ‘మినిమలిజం’ అని అమ్ముతున్నారు. ఇప్పుడు వాడికి నాలుగో బీరువా కావాలి.

ఇది చదువుతూ ఎవరో ఒకరు "మన గొంగడి ఎప్పుడో ఈ పని చేసింది" అని అందుకోబోతున్నారని తెలుసు. దయచేసి వద్దు. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడిని కురుమ కాపరి వానకు తలమీద కప్పుకుంటాడు, రాత్రికి పరుచుకుంటాడు. అది దేనిగానూ మారదు, గొంగడిగానే ఉంటుంది. దాన్ని పొగిడి ఈ జిప్పుల సరుకుకు వంశవృక్షం కట్టకండి. రేపు కంపెనీవాడు అదే మాట ప్రకటనలో వాడి, గొంగడి బొమ్మ వేసి, ధర ఇంకో వెయ్యి పెంచుతాడు.

మా బావమరిది మాత్రం ఎవరి మాటా వినలేదు, తెప్పించాడు. అట్టపెట్టె, అందులో ప్లాస్టిక్ కవరు, అందులో జర్కిన్. "చూడు బావా" అని హాలు మధ్యలో నిలబడి ఫోనులో వీడియో చూస్తూ మడవడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి ఎప్పుడూ బయటే ఉండిపోయింది. పిల్లలు కాసేపు నవ్వి వెళ్లిపోయారు. పెట్టె అడుగున చూస్తే గుడ్డ సంచి ఒకటి కనబడింది, ఉచితమట. ఈ జర్కిన్‌ను పెట్టుకోవడానికని దాని చీటీ మీద రాసి ఉంది. జర్కిన్ ఇప్పుడు సోఫా వెనకాల పడి ఉంది. గుడ్డ సంచిని మా ఆవిడ తమ్ముడి చేతిలోంచి లాక్కుని రైతు బజారుకు పట్టుకెళ్లింది. అయిదు కిలోల టమాటాలకు చక్కగా ఆగిందట.