శునకరథ పద్యానికి టీకా, తాత్పర్యం

అవతారిక

కుక్కల బండి అనగానే అలాస్కా, కనుచూపు మేర తెలుపు, బొచ్చు టోపీ పెట్టుకున్న ఒక వీరుడు కళ్ళ ముందుకొస్తారు. ఈ పద్యానికీ అలాస్కాకీ సంబంధం లేదు. స్కాట్లండులో కెయిర్న్‌గార్మ్ కొండల పాదాల దగ్గర, ఏవీమోర్ అనే ఊరి పక్కన, గ్లెన్‌మోర్ అడవి ఉంది. బ్రిటన్‌లోని సైబీరియన్ హస్కీ క్లబ్బు వాళ్ళు 1984 నుంచి జనవరి నెలలో అక్కడ పందెం పెడుతూ వస్తున్నారు. నెల జనవరే గానీ మంచు నమ్ముకోదగ్గ చుట్టం కాదు. కురిస్తే స్లెడ్జి, కురవకపోతే చక్రాల బండి. ఈ పద్యం చక్రాల ఏడాదిది.

కవినీ నేనే, వ్యాఖ్యాతనూ నేనే. కవి హృదయం గురించి ఈసారైనా తగాదా రాదనుకున్నాను. ఐదో పదం దగ్గరే వచ్చింది. మెదకు సీమలో కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకి వ్యాఖ్య రాశాడు. కాళిదాసు కుక్కల పందెం మీద రాయలేదు కనుక ఆయనకి ఆ ఒట్టు చెల్లింది. నాకు చెల్లదు.

మూలం

మంచు లేని యడవి మట్టి బాటను బట్టి
నాల్గు కుక్క లీడ్వ నరుడు మురిసె
ముందు కుక్క చూచు ముచ్చటౌ దారిని
వెనుక వాడు బురద విందు గుడుచు

ప్రతిపదార్థం

మంచు లేని యడవి = మంచు లేనట్టి అడవియందు. హస్కీది రెండు పొరల బొచ్చు: లోపల ఉన్నిలాంటి మెత్తన, పైన పొడుగు వెంట్రుకలు. ఈశాన్య సైబీరియాలో చుక్చీ జనం పెంచిన జాతి. దానికి చలి చేసే అపకారం తక్కువ, ఉక్క చేసేది ఎక్కువ. మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అరిపాదాల్లో కాస్త పట్టినా, అసలు వేడంతా నాలుక బయట పెట్టి రొప్పి వదిలించుకోవాలి. గాలిలో తేమ పెరిగితే ఆ రొప్పుకీ ఫలం తగ్గుతుంది. అందుకని పందెం రోజు పొద్దున్నే నిర్వాహకులు ఉష్ణోగ్రతనీ తేమనీ కలిపి చూస్తారు. పాదరసం 15 డిగ్రీల వైపు నడిచిందంటే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. దూరమన్నా తగ్గిస్తారు, పందెమన్నా మానేస్తారు. అదే 15 డిగ్రీలకి మనం లంబసింగిలో మంకీ క్యాపులు పెట్టుకుని ఫొటోలు దిగుతాం. హైదరాబాదు అపార్టుమెంట్లలో మే నెలలో ఏసీ కింద బోర్లా పడుకుని ఉండే హస్కీలను చూసినవాళ్ళకి ఈ పదం మీద వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

మట్టి బాటను బట్టి = మట్టి దారి వెంట. ఇక్కడ 'మట్టి' అన్న మాట యతి కోసం పడింది. ఆ రోజున అది మట్టి కాదు, పాయసం. దుంగల లారీలు తిరిగే దారి, రెండు పక్కలా గాడులు, గాడుల్లో నీళ్ళు. కుక్క పాదానికి గులక రాళ్ళ కంటే ఈ మెత్తనే హితం. చక్రానికి మాత్రం కాదు. స్లెడ్జి మంచు మీద జారుతుంది, చక్రం బురదలోకి దిగుతుంది. అందువల్ల ఎత్తు వచ్చిన ప్రతి చోటా మనిషి కూడా దిగి తొయ్యాలి. బండి మూడు చక్రాలది. వెనక నిలబడే చోటు, ముందు హ్యాండిలు, డిస్కు బ్రేకులు. కూర్చునే సౌఖ్యం లేదు.

నాల్గు కుక్కలు = నాలుగు శునకములు. పందెంలో జట్లను కుక్కల సంఖ్యను బట్టి విడదీస్తారు: ఎనిమిది, ఆరు, నాలుగు, మూడు, రెండు. పెద్ద జట్టులో సోమరికి దాక్కునే చోటు ఉంటుంది. ఎనిమిదింటిలో ఒకటి అలిగితే పోయేది వీసం కాదు గానీ పరకను మించదు. నాలుగింటిలో ఒకటి అలిగిందంటే పావు బలం పోయినట్టే. పైగా ఎవరు అలిగారో వెనకవాడికి స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి కుక్క తోక దగ్గర నుంచీ నడిమి తాడుకి ఒక లాగుడు తాడు ఉంటుంది. అది బిగువుగా ఉంటే పని చేస్తున్నట్టు. వేలాడుతుంటే, కాళ్ళు ఎంత వయ్యారంగా ఆడుతున్నా, తోడుగా షికారుకి వస్తున్నట్టు. (కొన్ని ఆఫీసుల్లో ఇలాంటి తాడు కడితే బాగుండును. ఇది మూలంలో లేదు.)

ఈడ్వ = ఈడ్చగా. హస్కీల్లో మగది 20 నుంచి 27 కిలోలు, ఆడది అంతకంటే తేలిక. నాలుగూ కలిసి తూగితే తొంభై కిలోలకి అటూ ఇటూ. వెనక ఇనుప బండీ, తడిసిన బట్టలతో మనిషీ కలిసి అంతకు మించుతారు.

నరుడు = మనుష్యుడు. ఇదే కవికీ నాకూ తగాదా వచ్చిన పదం. 'మనిషి' అనక 'నరుడు' ఎందుకన్నావని అడిగితే నకారానికి యతి కుదరాలి కదా అని తప్పించుకున్నాడు. కానీ నరుడంటే అర్జునుడు కూడా. అర్జునుడు రథంలో వెనక నిలబడేవాడు, తోలేవాడు కాదు. మరి ఇక్కడ తోలేదెవరు? ఎడ్లబండికి ముకుతాడుంది, పగ్గం ఉంది, ఎద్దు ముక్కు దగ్గర మనిషి ఇష్టం సాగుతుంది. కుక్కల బండికి పగ్గమే లేదు. మనిషి చేతిలో నుంచి ముందు కుక్క మెడకి ఒక్క దారమైనా వెళ్ళదు. ఉన్నది గొంతు, బ్రేకు. 'జీ' అంటే కుడి, 'హా' అంటే ఎడమ, 'ఆన్ బై' అంటే అటు చూడకుండా ముందుకు పో, 'వో' అంటే ఆగు. మొదటి మూడింటినీ మంచి కుక్క పాటిస్తుంది. నాలుగోదాన్ని సలహాగా తీసుకుంటుంది. బ్రేకు పుట్టింది అందుకే. దారి చీలిన చోట వెనకవాడు విన్నవించుకుంటాడు, ముందున్న కుక్క నిర్ణయిస్తుంది. కనుక ఈ రథంలో సారథి స్థానం ముందు కుక్కదే. నరుడు పేరుకు రథికుడు, లెక్కకి సరుకు. కవి ఒప్పుకోకపోయినా పద్యం ఒప్పుకుంటోంది.

మురిసె = సంతోషించెను. భూతకాలం. కింది 'చూచు', 'గుడుచు' మాత్రం ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే తద్ధర్మ క్రియలు. ఇది దోషం కాదు, అనుభవం. మురిపెం బయలుదేరే ముందు ఒకసారి కలిగింది, గడిచిపోయింది. బురద నిత్యం. ఆ బయలుదేరే ముందు క్షణాలు చూడదగ్గవి. తాళ్ళు తగిలించగానే కుక్కలు మొరుగుతాయి, ఊళ పెడతాయి, నాలుగు కాళ్ళ మీదా గాలిలోకి ఎగురుతాయి. పట్టుకోవడానికి కుక్కకొక మనిషి కావాలి. ఒకరికి చెప్పింది ఇంకొకరికి వినపడదు. పో అన్న మరుక్షణం ఆ గోల మొత్తం తెగిపోతుంది. మొరిగే ఊపిరంతా పరుగులోకి మళ్ళుతుంది. అడవిలో ఇక మిగిలేది చక్రాల చప్పుడు, వెనకవాడి గొంతు.

ముందు కుక్క = జట్టుకి ముందుండేది. 1925 చలికాలంలో అలాస్కాలోని నోమ్ ఊరికి డిఫ్తీరియా మందు కుక్కల బండ్ల మీద అంచెలంచెలుగా చేరింది. అన్నిటికంటే పొడుగైన, ప్రమాదమైన అంచె లియొన్‌హార్డ్ సెప్పాలా జట్టుది. దాని ముందు కుక్క టోగో. ఆఖరి అంచె పూర్తి చేసి ఊళ్ళోకి వచ్చిన జట్టు ముందు బాల్టో ఉంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో అదే ఏడు డిసెంబరులో విగ్రహం లేచింది బాల్టోకి. కీర్తి విషయంలో కుక్కల లోకమూ మన లోకమూ ఒకటేనని దీనివల్ల తెలుస్తోంది.

చూచు = చూచును. ఇంకా సరిగా చెప్పాలంటే వాసన చూచును. గ్లెన్‌మోర్ చుట్టుపక్కల కొండల మీద రెయిన్‌డీర్ మంద ఒకటి స్వేచ్ఛగా తిరుగుతుంది. మికెల్ ఉట్సి అనే సామీ పశుపోషకుడు 1952లో స్వీడన్ నుంచి తెచ్చి వదిలిన వాటి సంతతి. ఆ వాసన దారికి అడ్డంగా పరుచుకున్న చోట 'ఆన్ బై' అని అరవడమే వెనకవాడి తపస్సు.

వెనుక వాడు = స్పష్టం.

బురద = పంకము. నిఘంటువు చెప్పేది ఇంతే. పందెంలో దీని పాళ్ళు వేరు: పదహారు పాదాలు ఎగజిమ్మిన మట్టి ఒక భాగం, కుళ్ళిన పైను ఆకులు ఒక భాగం. మూడో భాగం గురించి సభ్యత కొద్దీ ఇంతవరకే చెప్తాను: పరిగెత్తే కుక్క కాలకృత్యాలకని ఆగదు.

అన్వయం: సులభం.

శంక: నరుడు సరుకే అయితే అతన్ని దింపేస్తే బండి ఇంకా వేగంగా పోదా?

సమాధానం: పోతుంది. పోయిన సందర్భాలు కొల్లలు. మలుపులో మనిషి పడతాడు, బరువు తగ్గినందుకు సంతోషించి కుక్కలు ఉరుకుతాయి. అయితే నరుడు లేకుండా గీత దాటితే జట్టు లెక్కలోకి రాదు. పైగా ఖాళీ బండి బోల్తా పడి కుక్కలకు తగలొచ్చు, తాళ్ళు కాళ్ళకు చుట్టుకోవచ్చు. అందుకే పడ్డా హ్యాండిలు వదలకూడదని కొత్తవాళ్ళకి మొదట నేర్పుతారు. బొక్కబోర్లా ఈడ్చుకుపోబడుతున్న మనిషిని చూస్తే, అతన్ని రక్షించేవాడనుకోవడం కష్టమే. కానీ ఆ క్షణాన బ్రేకు అతనే.

మరో శంక: ఇంత చేసి గెలిస్తే ఏమొస్తుంది?

సమాధానం: ఒక చిన్న కప్పు. అప్పుడప్పుడు ఒక బస్తా మేత, అదీ కుక్కలకి.

తాత్పర్యం: మంచు కురవని ఏడాది అడవిలో నాలుగు కుక్కలు ఒక మనిషిని నాలుగు మైళ్ళు ఈడ్చుకెళ్ళి తిరిగి తెచ్చి, వాకిట్లో దింపాయి. మర్నాడు మళ్ళీ ఈడ్చాయి. ఎందుకంటే రెండు రోజుల సమయాలూ కలిపి చూస్తారు.

ఛందస్సు, అలంకారం: ఆటవెలది. పాదానికి ఐదు గణాలు. లాగేవి నాలుగు, ఐదోది ఊరికే ఎక్కి కూర్చున్నది. బురదను విందనడం రూపకం. నరుణ్ణి మురిపించడం వ్యాజస్తుతి.

పాఠాంతరం: ఆఖరి పాదానికి 'వెనుక వాడు బురద వెళ్ళగక్కు' అని ఇంకో పాఠం ఉంది. యతి రెంటికీ సరిపోతుంది కనుక ఛందస్సు తీర్పు చెప్పదు, దారి చెప్పాలి. కుడికి తిప్పాలంటే 'జీ' అనాలి. పళ్ళు దగ్గరగా ఉంటాయి, సగం బురద అక్కడే ఆగుతుంది. ఎడమకి తిప్పాలంటే 'హా' అనాలి. నోరు బార్లా తెరవకుండా 'హా' అనడం సాధ్యం కాదు. కుక్కలు ఆ సమయానికి సరిగ్గా మలుపులో గుంట మీద ఉంటాయి. కాబట్టి కుడి మలుపుల్లో మూలపాఠాన్నీ, ఎడమ మలుపుల్లో పాఠాంతరాన్నీ గ్రహించాలి.