ఎవరి పట్టు వారిదే

మా జిల్లా పేరులోనే సత్యం ఉంది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లాను చీల్చి శ్రీ సత్యసాయి జిల్లా చేసినప్పుడు, జిల్లా కేంద్రం మా ఊరెందుకు కాలేదని హిందూపురం వాళ్లు అలిగారే గానీ, పేరులో సత్యం ఎందుకని ఎవరూ అడగలేదు. జిల్లా పేరులో సత్యం, పట్టుచీరల ఊరి పేరులో ధర్మం. ఇంత గట్టి కాపలా ఉన్నచోట మోసపోయే ప్రసక్తే లేదనుకొని, మేనకోడలి పెళ్లిచీర కోసం మా అక్కను వెంటబెట్టుకొని హిందూపురం నుంచి ధర్మవరం పోయాను.

కొట్టు పేరు చెప్పను. బోర్డు మీది మాటలు చెబుతాను: ‘స్వచ్ఛమైన, అసలు సిసలైన, ప్యూర్, ఒరిజినల్ ధర్మవరం చేనేత పట్టు.’ పట్టు ఒక్కటే, దాని ముందు నడిచే బంట్రోతులు నలుగురు. ఫ్రాంక్ రామ్సే అనే ఇంగ్లిష్ కుర్రాడు 1927లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, ‘నిజం’ అనే మాట వాక్యానికి కొత్తగా కలిపేదేమీ లేదని తేల్చాడు. ‘ఇది పట్టు’ అన్నా, ‘ఇది పట్టు అన్నది నిజం’ అన్నా ఒకటేనట. పాపం, ఆయన మా వైపు రాలేదు. వచ్చి ఆ బోర్డు చూసుంటే, నిజాలు పెరిగే కొద్దీ పట్టు తగ్గుతుందని ఇంకో సూత్రం కూడా రాసేవాడు.

కొట్టాయన మెత్తని మనిషి. పరుపు మీద పాతికవేల చీర పరిచాడు. అక్క అంచును వేళ్లతో నలిపి, “పట్టేనా అన్నా ఇది?” అంది.

“పట్టే కదక్కా.”

“చేనేతేనా?” అన్నాను నేను.

ఆయన నావైపు జాలిగా చూసి, “సార్, చదువుకున్నోళ్లు. మీకు చెప్పేంతోణ్ని కాదు. ఎవరి నిజం వారిది సార్. మీరు చేనేత అనుకొని చూస్తే చేనేతే. ఏనుగూ, గుడ్డోళ్ల కథ తెలుసు కదా?” అన్నాడు.

కథ తెలుసు. కానీ ఆ కథలో గుడ్డివాళ్లు తలా ఒకచోట ఏనుగును ముట్టుకున్నారు. తోక పట్టుకున్నవాడు చీపురన్నా, అది ఏనుగు తోకే. ఈ చీర మగ్గం గుంత మొహం ఎన్నడైనా చూసిందా అన్నది కదా నా ప్రశ్న.

ఈ ‘ఎవరి నిజం వారిది’ ఈమధ్య దగ్గు మందులా అన్నిటికీ వాడుతున్నారు. టీవీ చర్చలో ఓడిపోతున్నవాడు అదే అంటాడు. వర్షమొస్తే చెరువయ్యే స్థలంలో ప్లాట్లు అమ్మేవాడూ అదే అంటాడు. మాటకు మూలం వెతికితే వీళ్లకే బలం చిక్కేట్టుంది. సంస్కృతంలో ‘నిజ’ అంటే తనది, సొంతం అని. ఆ లెక్కన ‘ఎవరి నిజం వారిది’ అంటే ‘ఎవరిది వారిది’. ఇందులో తత్వమూ లేదు, తగువూ లేదు. ఆ సొంతాన్ని తెలుగువాళ్లం ఏనాడో సత్యం చేసి వాడుకుంటున్నాం. మనకు ఇంకో చక్కని మాట ఉంది: ఉన్నమాట. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు చెప్పడం. రెండు వేల మూడు వందల ఏళ్ల కిందట గ్రీకుల అరిస్టాటిల్ సత్యానికి ఇచ్చిన నిర్వచనం దాదాపు ఇంతే. అయితే మనవాళ్లు ‘ఉన్నమాటంటే ఉలుకెక్కువ’ అని ఇంకో సగం కూడా చేర్చారు. అది ఆయనకు తోచలేదు.

మిగతా సిద్ధాంతాలూ మన అవ్వలకు కొత్తవి కావు. చెప్పే మాటలన్నీ ఒకదానితో ఒకటి పొసగితే అదే సత్యమన్న పండితులున్నారు. మన అవ్వలు, అబద్ధమాడితే అతికినట్టుండాలన్నారు. నలుగురూ ఒప్పుకున్నదే సత్యమన్న పండితులున్నారు. మనవాళ్లు దాన్ని గుంపులో గోవిందా అన్నారు. పనికొచ్చేదే సత్యమన్న పండితులూ ఉన్నారు. మనకు వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న మాట ఉంది. తేడా ఎక్కడంటే, మనవాళ్లు వీటిని అబద్ధం గురించి చెప్పారు, వాళ్లు సత్యం గురించి చెప్పారు.

పొసగడం ఎంత పల్చని సాక్ష్యమో చూడాలంటే హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే చాలు, లేపాక్షి. రావణుడు రెక్కలు నరికితే జటాయువు అక్కడ పడిందనీ, రాముడు వచ్చి ‘లే, పక్షీ’ అన్నాడనీ, అందుకే ఆ పేరనీ ఒక కథ. అచ్యుత దేవరాయల కాలంలో పెనుకొండలో కొలువు చేసిన విరూపణ్ణ ఈ వీరభద్రాలయం కట్టించాడనీ, రాజుగారి సొమ్ము తినేశాడన్న నింద పడితే తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడనీ, కళ్లు పోయిన చోటు గనుక ఆ పేరనీ ఇంకో కథ. ఎర్రటి మరకలు కూడా చూపిస్తారు. రెండు కథలూ అతికినట్టే ఉంటాయి, ఎక్కడా కుట్టు కనిపించదు. ఒకే ఊరి పేరు మాత్రం రెండుసార్లు పుట్టలేదు కదా. ఇక వేలాడే స్తంభం. గైడు తువ్వాలు ఒకవైపు నుంచి దూర్చి ఇంకోవైపు లాగుతాడు, జనం నోరు తెరుస్తారు. స్తంభం ఒక మూల నేలను ఆనుకొనే ఉంటుంది. తువ్వాలు ఆ మూలకు పోదు. అంత బరువున్న రాయిని ఒక్క మూల మీద ఆపిన శిల్పి గొప్పతనానికి అది చాలదా అంటే చాలదట, గాల్లోనే ఉండాలట!

పనికొచ్చేదే సత్యమన్న సంగతికి వద్దాం. అమెరికా ఆచార్యుడు విలియం జేమ్స్ 1907లో ఈ వాదం మీద పుస్తకమే వేశాడు. ఒక ఆలోచనకు నగదు విలువ ఎంత అని అడిగిన మనిషి. మా కొట్టాయనకు ఆయనే గురువు కావాలి. అయితే గురువు చెప్పింది అంతటితో అయిపోలేదు, శిష్యులే ఆ తర్వాతి పేజీ తిప్పరు. సత్యాలు చాలావరకు అప్పు మీదే చెల్లుతాయట. నోట్లు చెల్లినట్టు, ఎవరూ కాదనేంత వరకు చేతులు మారుతూ పోతాయి. కానీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు స్వయంగా సరిచూసి ఉండాలి, లేకపోతే ఆ అప్పుల వ్యాపారమంతా కూలుతుందన్నాడు ఆయనే. మన న్యాయదర్శనం వాళ్లు నైయాయికులూ, బౌద్ధుల్లో ధర్మకీర్తీ ఈ మాటను వేరే దారుల్లో ఎప్పుడో పట్టుకున్నారు. ఎండమావిని నీళ్లనుకోవచ్చు, దప్పిక తీరిందో లేదో గొంతు చెబుతుంది.

అక్క ఈలోగా చీర మడత విప్పి లేబుల్ చూపించింది. సిల్క్ మార్క్. కేంద్ర పట్టు మండలి ఏర్పాటు చేసిన సంస్థ 2004 నుంచి ఇస్తున్న గుర్తు. లేబుల్ ఆ చీరదే అయితే దాన్ని నమ్మవచ్చు. అయితే ఆ లేబుల్ దారం పట్టా కాదా అన్నదొక్కటే చెబుతుంది. ఎవరు నేశారో, ఏ మగ్గం మీద నేశారో దానికి పట్టదు. మరమగ్గం మీద నేసిన పట్టుచీరకు కూడా అది న్యాయంగానే దక్కుతుంది. చేనేతకు వేరే గుర్తు ఉంది, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్. అది ఈ చీర మీద లేదు. ‘చేనేత’ అన్న మాట బోర్డు మీద ఉంది, ‘పట్టు’ అన్న మాట లేబుల్ మీద ఉంది, రెండిటినీ కలిపి కుట్టుకోవాల్సింది కొనేవాళ్ల మనసు. అబద్ధం ఆడిందెవరు? ఎవరూ ఆడలేదు. పక్కపక్కన పెట్టారంతే.

చట్టం లేక కాదు. కొన్ని రకాల బట్టలను చేనేతకే ప్రత్యేకించడానికి 1985లో పార్లమెంటు చట్టం చేసింది. అలా ప్రత్యేకించిన వాటిలో చీర ఉంది. ఆ చట్టం చెల్లదని వాదించినవాళ్లు సుప్రీంకోర్టు దాకా పోతే, 1993లో కోర్టు చెల్లుతుందనే చెప్పింది. ఆ చట్టంలో చేనేత మగ్గానికిచ్చిన నిర్వచనం చూస్తే బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు గుర్తొస్తాడు: మరమగ్గం కానిది చేనేత మగ్గం. ఆవు అంటే ఆవు కానిది కానిది, అని చెప్పిన బౌద్ధుల వాదానికి అపోహవాదమని పేరు. తెలుగులో అపోహ అంటే ఏమిటో మీకు తెలుసు. 12వ పంచవర్ష ప్రణాళిక రోజుల్లో ఢిల్లీలో ఇంకో ప్రతిపాదన లేచింది. నేతపనిలో కనీసం ఒక్కటి మనిషి శ్రమతో జరిగితే చాలు, దాన్నీ చేనేత మగ్గమే అనేద్దామని. స్విచ్చి నొక్కేదీ మనిషి చెయ్యే కదా, ఆ లెక్కన మా ఇంట్లో మిక్సీ కూడా చేతి రోలే. నేతగాళ్లు గగ్గోలు పెట్టారు, ఆ నిర్వచనం చట్టంలోకి ఎక్కలేదు. ఎక్కుంటే మా కొట్టాయనకు తత్వశాస్త్రం అవసరం ఉండేది కాదు.

ఆయన ఏనుగు కథ ఎత్తాడు గనుక దాని సొంతదార్లలో ఒకరైన జైనుల మాట కూడా వినాలి. దూరం పోనక్కర్లేదు, దారిలో పెనుకొండ ఉంది. 1565 యుద్ధంలో విజయనగరం పాడయ్యాక రాజులు వచ్చి తలదాచుకున్న కోట ఊరు. అక్కడే పార్శ్వనాథుడి జైనాలయం ఉంది. జైనుల స్యాద్వాదంలో ‘స్యాత్’ అంటే ‘ఏమో, కావచ్చు’ అని చాలామంది అనుకుంటారు. కాదు. ‘ఒక వైపు నుంచి చూస్తే’ అని. ఏ వైపో చెప్పాల్సిన బాధ్యత చెప్పేవాడిదే. ఒకవైపు చూపును మొత్తం చూపుగా నిలబెట్టేదాన్ని వాళ్లు దుర్నయం అన్నారు, పేరులోనే తిట్టు పెట్టారు. ‘పడుగు పట్టు, పేక వేరే, జరీ రాగిది, నేసింది మరమగ్గం’ అని నాలుగు వైపులా రాసి పెడితే అది స్యాద్వాదం. అలా రాసి, దానికి తగ్గ ధర పెట్టి అమ్మేవాళ్లు ధర్మవరంలో లేకపోలేదు, వాళ్ల దగ్గర కొనడంలో నామోషీ కూడా లేదు. మరమగ్గం చీర కట్టుకున్న పెళ్లి చెల్లదా ఏమిటి!

నా కడుపుమంట ఎక్కడంటే, ఈ ‘ఎవరి నిజం వారిది’ చీర పుట్టిన దారిలో ఇంకెక్కడా చెల్లదు. మా హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లి చూడండి. రీలరు గూడును చెవి దగ్గర ఆడిస్తాడు, వేళ్లతో నొక్కుతాడు, అనుమానమొస్తే కోసి లోపలి పురుగును చూస్తాడు. మరకగూళ్లు, జంటగూళ్లు కనిపిస్తే ధర దిగుతుంది. ‘నా దృష్టిలో ఇవి మంచి గూళ్లే’ అని రైతు అంటే నవ్వి పక్క కుప్పకు పోతాడు. తర్వాత నేతగాడి వంతు. షావుకారు అతనికి రేషం తూచి ఇస్తాడు, జరీ తూచి ఇస్తాడు. రోజుల తరబడి గుంతలో కాళ్లు పెట్టుకొని నాడె విసిరి తెచ్చిన చీరను మళ్లీ తూస్తాడు. గ్రాములు తగ్గితే కూలిలో కోత. అంచులో ఒక పోగు తప్పినా భూతద్దం పెట్టినట్టు పట్టుకుంటాడు. అక్కడ ఏ ఏనుగూ లేదు, ఏ గుడ్డివాడూ లేడు. రైతు దగ్గరా, నేతగాడి దగ్గరా సత్యానికి తూకం ఉంది. గాజు తలుపు తోసుకొని ఏసీ గదిలోకి వచ్చాకే దానికి రెక్కలొస్తాయి. ఆ రెక్కల మీద మరమగ్గం చీర ఎగిరి వచ్చి చేనేత ధరకు వాలిన ప్రతిసారీ, ఒక గుంతలో నాడె ఆగుతుంది.

ఆ ఏసీ గదిలోనూ అన్నివేళలా కాదు. మేముండగానే ఒకాయన ఫోనుతో డబ్బు పంపి, “పోయింది అన్నా” అని ఫోను చూపించాడు. కొట్టాయన కవరు వదల్లేదు. బల్ల మీది చిన్న పెట్టె పలికే దాకా ఆగాడు. ఆయన నిజం ఆయనది అనుకోవచ్చు కదా!

నేను చీర కొంగు కుచ్చుల్లోంచి ఒక పోగు లాగి, “అగ్గిపెట్టె ఉందా?” అన్నాను. పట్టు కాలితే వెంట్రుక కాలిన కమురు వాసన, వేళ్లతో నలిపితే పొడయ్యే బూడిద. పాలిస్టరయితే కరిగి గట్టి ముద్దవుతుంది. ధర్మవరంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పరీక్ష. మగ్గం సంగతి నిప్పు చెప్పదు గానీ, లేబుల్ సంగతి చెబుతుంది.

కొట్టాయన మొహంలో తత్వమంతా దిగిపోయింది. “షాపులో నిప్పు వద్దు సార్. అన్నీ పట్టుబట్టలు, అంటుకుంటే?”

“ఎవరి నిప్పు వారిది కదన్నా,” అంది మా అక్క.

చీర తీసుకోలేదు. పోగు మాత్రం జేబులో వేసుకున్నాను. బస్టాండు దగ్గర టీ చెప్పి, అగ్గిపెట్టె అడిగి, పోగు కొసకు నిప్పంటించాను. నల్లటి పొగ ఒక్క తీగ లేచి, కొసన ఆవగింజంత గట్టి బొట్టు మిగిలింది. టీ కొట్టాయన గ్లాసు కడుగుతూ తలెత్తాడు.

“ఏందన్నా, ఈడ కూసోని ప్లాస్టిక్ కాలుస్తాండావు?”