క్లోన్ తీయడం ఇంత తేలిక

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ ఎలుక ప్లీహంలోని బి కణాలను మైలోమా అనే క్యాన్సర్ కణాలతో కలిపి, ఒక్క కణం సంతానంతోనే యాంటీబాడీ చేయించారు. 1984లో నోబెల్ వచ్చింది. వాళ్లు పడ్డ తిప్పలు మీకెందుకు? సాయంత్రం ఐదుకల్లా ఇంటికి చేరే మార్గం ఇదిగో.

1. ఫ్యూజన్ అయ్యాక హ్యాట్ మీడియం జోలికి పోకండి. అందులోని అమినోప్టెరిన్ బి కణంతో కలవని మైలోమా కణాలను చంపేస్తుంది, ప్లేటు బోసిపోతుంది. మామూలు మీడియం పోయండి. కొద్దిరోజుల్లోనే ప్లేటులోని గుంటలు, అంటే వెల్స్, కిటకిటలాడతాయి. వెంటనే ఫొటో తీసి గైడుకు పంపండి.

2. కణాలను పలచన చేసేటప్పుడు పిసినారితనం వద్దు. సగటున వెల్‌కి ఒక కణం చొప్పున పోస్తే నూటికి 37 వెల్స్ ఖాళీగా ఉంటాయి, మరో 37లో ఒక్కటే ఉంటుంది. అందుకే పెద్దలు అర కణం లెక్కన పోయమంటారు. అప్పుడు ఖాళీలు ఇంకా పెరుగుతాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఐదేసి పోయండి, ప్లేటు కళకళలాడుతుంది. మొదటిరోజు మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కో వెల్ చూడకండి, మెడ పట్టేస్తుంది. వారం ఆగితే ఐదూ కలిసి ఒకే ముద్దవుతాయి. ముద్ద ఒకటే కాబట్టి క్లోనూ ఒకటే. నోట్‌బుక్‌లో అలాగే రాసుకోండి.

3. రెండోసారి సబ్‌క్లోనింగ్ దండగ. యాంటీబాడీ చేయడం మానేసిన కణాలు చకచకా పెరిగి, చేసేవాటిని పక్కకు నెట్టేస్తాయి. నెట్టనివ్వండి. ఒళ్లు దాచుకుని వృద్ధిలోకి వచ్చే కణాలే మనకు ఆదర్శం.

4. మైకోప్లాస్మా బ్యాక్టీరియా టెస్టు వద్దు. అది సోకినా మీడియం మసకబారదు, మామూలు మైక్రోస్కోపుకు ఆనదు. కణగోడే లేదు కాబట్టి పెన్సిలిన్‌కూ లొంగదు. కనిపించని దానికోసం డబ్బు పెట్టకండి. పక్కవాళ్ల మీడియం సీసా అరువు తెచ్చుకుంటే ఖర్చు ఇంకా కలిసొస్తుంది.

5. నైట్రోజన్ ట్యాంకులో దాచాల్సివస్తే వయల్ మీద తేదీ, క్లోన్ నంబరు రాస్తూ కూర్చోకండి. బాల్‌పెన్నుతో ‘మంచిది’, ‘చాలా మంచిది’, ‘కొత్త మంచిది’ అని రాయండి. మైనస్ 196 డిగ్రీల్లో అదీ చెరిగిపోతుంది, తర్వాత ఎవరూ మిమ్మల్ని ప్రశ్నలడగరు.

6. యాంటీబాడీ ఉందో లేదో రంగుతో చెప్పే ఎలైసా పరీక్షలో ఆ రంగు తగ్గుతుంటే సాకులు వరసగా వాడండి. మొదటివారం సీరం లాటు మారిందనండి. రెండోవారం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, మూడోవారం కరెంటు. నాలుగోవారం ఏ వెల్‌లోనూ రంగు రాదు. అప్పటికి ల్యాబ్ వదిలి వెళ్లిపోయిన సీనియర్ ఒకరు ఉండే ఉంటారు, వారి పేరు చెప్పండి. కొత్త ఎలుకకు ఇండెంటు పెట్టి, అదే కాగితం వెనక ఫెలోషిప్ పొడిగింపుకు దరఖాస్తు రాసేయండి.