బంగారు పూత సూత్రానికి బల్కంపేట వ్యాఖ్య

మూలం: “బంగారు పూత సార్! అందుకే ఆ సౌండు.”

అవతారిక: బల్కంపేట ఎల్లమ్మ గుడికి కూతవేటు దూరంలో, ఒక ఫంక్షన్ హాలు ముందు బరాత్ ఆగినప్పుడు, బ్యాండు కుర్రాడి మెడలో వేలాడుతున్న ఆల్టో శాక్సోఫోన్‌ను చూపించి పెళ్లివారి తరఫు పెద్దమనిషి ఒకరు ఈ సూత్రాన్ని లోకానికి ప్రసాదించారు. చేతిలో కూల్‌డ్రింకు, ముఖంలో సర్వజ్ఞత్వం. ఇంతటి సూత్రం వ్యాఖ్య లేక అనాథగా పోరాదని ఈ ప్రయత్నం.

వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు మల్లినాథసూరి మన మెదక్ కొల్చారం వాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. కాళిదాసు చేతిలో ఉన్నవాడికి ఆ ఒట్టు చెల్లింది. నాకు దొరికింది ఈ సూత్రం. నేనూ అదే ఒట్టు పెట్టుకుంటే రెండో వాక్యం రాయలేను.

ప్రతిపదార్థం: సుగమం. “సార్” పాదపూరణం.

విచారం: చిక్కంతా “అందుకే” దగ్గర. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, ఆయనా తెలుగువాడే, పొగ ఉన్నచోట నిప్పుంటుందనడానికి వంటింటిని సాక్ష్యం తెచ్చాడు. మన సూత్రకారుల లెక్కలో పూత కారణం, నాదం కార్యం. సరే, చూద్దాం. 1953 మేలో టొరాంటోలోని మాసీ హాల్లో జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్ వాయించిన ఆల్టో ప్లాస్టిక్‌ది. ఇంగ్లండులో తయారైన గ్రాఫ్టన్, మీగడ రంగు. పూత మాట దేవుడెరుగు, ఒంటికి ఇత్తడే లేదు. ఆ కచేరీ రికార్డును జనం ఇప్పటికీ వింటున్నారు. కారణం లేకుండా కార్యం కనబడితే తార్కికులు దాన్ని వ్యతిరేక వ్యభిచారం అంటారు. పెళ్లివారి మధ్య ఆ పారిభాషిక పదం వాడే ధైర్యం లేక ఊరుకున్నాను. పూత ఉండీ నాదం లేకపోవడం అన్వయ వ్యభిచారం. దానికి దృష్టాంతం ఎదురుగానే నిలబడి ఊదుతోంది.

పైగా అది బంగారమూ కాదు, ఇత్తడి మీద బంగారు రంగు వార్నిష్.

పూర్వపక్షం: “లోహం మారితే శబ్దం మారదా?” 1971లో జాన్ కోల్ట్‌మన్ వెండి, రాగి, చెక్కలతో ఒకే కొలతల ఫ్లూట్లు చేయించి, కంటికి కనబడకుండా పరీక్ష పెట్టాడు. విన్నవాళ్లూ పోల్చలేకపోయారు, ఊదినవాళ్లూ పోల్చలేకపోయారు. ఫ్లూటు సంగతి శాక్సుకెలా అంటారా? శాక్సు పుట్టించినవాడినే అడుగుదాం. అడాల్ఫ్ శాక్స్ బెల్జియంలోని దినాంలో 1814లో పుట్టి, 1846లో పారిస్‌లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. నాదాన్ని నిర్ణయించేది లోపలి గాలి కొలతలే అన్నది ఆయన సిద్ధాంతం. క్లారినెట్టు గొట్టం పొడవునా దాదాపు ఒకే లావు, అందుకే గట్టిగా ఎగదోస్తే స్వరం పై స్థాయి పంచమానికి దూకుతుంది. శాక్సు సన్నగా మొదలై పోనుపోను వెడల్పవుతుంది, అది పై షడ్జానికి చేరుతుంది. ఇంత కనిపెట్టిన మహానుభావుడు మూడుసార్లు దివాలా తీశాడు. నాదానికీ డబ్బుకీ పడకపోవడం ఆనాటి నుంచే ఉంది.

ఇక నోటి దగ్గర కంపించి నాదం పుట్టించే రీడ్ గురించి రెండు మాటలు. రెండుతో ఆగవని ముందే మనవి. దక్షిణ ఫ్రాన్సులో వార్ ప్రాంతపు రెల్లును కోసి, ఎండబెట్టి, కొస దగ్గర వెలుతురు కనబడేంత పలచగా చెక్కుతారు. వేలెడంత ముక్క. ఒళ్లంతా కలిపి ఇత్తడి చేయలేని పని అది చేస్తుంది. రెండో నంబరు మెత్తన, తేలిగ్గా పలుకుతుంది గానీ నాదం పీలగా ఉంటుంది. మూడు నిండుగా పలుకుతుంది, ఊపిరి మాత్రం గుంజేస్తుంది. నోట్లో తడపందే మాట వినదు. మన మే నెల ఎండకు కొస అలలు తేలుతుంది. పెట్టెలో పది ఉంటే మనసుకు పట్టేవి మూడో నాలుగో. ఆ రీడ్‌ను కట్టే మౌత్‌పీస్‌లో కప్పు రీడ్‌కు దగ్గరగా దిగితే గాలి దూసుకుపోయి నాదం పదునెక్కుతుంది. లోపలి గది విశాలమైతే గుండ్రంగా, గంభీరంగా వస్తుంది. కింది పెదవి రీడ్‌ను నొక్కేస్తే గొంతు పిసికినట్టే. అసలు గొంతుకే ఇందులో వాటా ఉంది. చెయ్యి తిరిగిన వాద్యకారులు పై స్వరాల కోసం గొంతు లోపలి ఆకారాన్నే శ్రుతి చేసుకుంటారని 2008లో సిడ్నీ పరిశోధకులు కొలిచి చూపించారు.

“మరి కద్రి గోపాల్‌నాథ్ గారి శాక్సు ధగధగలాడేది కదా?” ఆడేది. ఆయన నాగస్వర విద్వాంసుడి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యాన్ని చూసి మనసు పారేసుకుని, దాని చేత గమకాలు పలికించడానికి ఏళ్ల తరబడి సాధన చేశారు. 1994లో లండన్ ప్రామ్స్ దాకా వెళ్లింది ఆ సాధన. ధగధగలు వెంట వెళ్లాయి.

సూత్రకారులను మరిచాం. ఆయన సెల్ఫీ దిగుతున్నారు. నేను కుర్రాడి దగ్గరికి వెళ్లాను. రీడ్ ఒక మూల విరిగింది, గోళ్ల కత్తెరతో సవరించుకున్నాడు. ఒక మీటను రబ్బరు బ్యాండు లాగి పట్టుకుంది. దాని కింద తోలు ప్యాడ్ సరిగా మూసుకోక గాలి పోతోంది, కింది స్వరాలు పలకడం లేదు.

“రీడ్ మార్చలేదేం తమ్ముడూ?”

“సేట్ ఇయ్యడు సార్. మనమే కొనుక్కోవాలె.”

జరీ భుజకీర్తుల కోటు సేట్ ఇచ్చాడు. లైట్ల గొడుగులు, జనరేటరు బండి, దాని మీద స్పీకర్లు కూడా సేట్‌వే. కంటికి కనబడేదంతా యజమాని ఖర్చు, చెవికి వినబడేది కుర్రాడి ఖర్చు. ఆ కాస్త నాదాన్నీ మైకులో పోసి ఎకో కలిపితే, పార్కర్ వచ్చి ఊదినా ఒక్కటే, పీక ఊదినా ఒక్కటే. దీనికి వ్యాఖ్య అక్కర్లేదు, ఒళ్లు మండుతుంది.

తాత్పర్యం: పూత ఫొటోకు.

ఫలశ్రుతి: ఆషాఢంలో మన పెళ్లిళ్లు ఆగుతాయి, బల్కంపేటలో ఎల్లమ్మ కల్యాణం మాత్రం ఆషాఢంలోనే. శ్రావణం ముహూర్తాలకు బ్యాండు మాట్లాడుకునే పెళ్లివారికి విన్నపం: ఒక లైట్ల గొడుగు తగ్గించుకోండి. ఆ డబ్బుతో శాక్సు ఊదే కుర్రాడికి, సేట్ చేతికి కాదు, నేరుగా అతని చేతికే, ఒక పెట్టె రీడ్లు ఇవ్వండి. నంబరు అతన్నే అడగండి. ఎకో మీట ఎక్కడుందో కనుక్కుని తగ్గించండి.