ఫ్రేమాచార్యుడు

ఆంధ్ర, తెలంగాణ పట్టణాలలో బస్టాండుకు ఎదురుగానో, తహసీల్దారు కార్యాలయం పక్క సందులోనో, జిరాక్సు యంత్రానికీ లామినేషను యంత్రానికీ నడుమ మిగిలిన కాస్త చోటులో కంప్యూటరు పెట్టుకొని, వచ్చినవారి ముఖాలకు పూలూ నెమళ్లూ బంగారు అంచులూ తగిలించి పంపే కళాకారుడు ఒకడు ఉంటాడు. బోర్డు మీద అతని వృత్తి ‘డిజైనింగ్’ అని రాసి ఉంటుంది, వీధిలోనివారు ‘ఫోటోషాపు అన్న’ అంటారు; ఈ పరిశీలనలో మాత్రం అతని పాండిత్యానికి తగినట్లు ఫ్రేమాచార్యుడు అని వ్యవహరించడం సముచితం. చిత్రాన్ని కాపాడేందుకే చట్రం ఉన్నదన్న సామాన్య సిద్ధాంతాన్ని అతడు అంగీకరించడు. అతని మతంలో చట్రమే గృహస్థు, లోపలి ముఖం ఆ పూటకు వచ్చిపోయే అతిథి.

ఈ మతానికి పూర్వాచార్యులు లేకపోలేదు. 1894లో బొంబాయిలో ప్రారంభమైన రవివర్మ ముద్రణాలయం దేవతలను రంగుల అచ్చుపటాలుగా సామాన్యుల ఇళ్లకు చేర్చినప్పుడు, ఆ పటాలకు జరీ ముక్కలూ చమ్కీలూ అతికించి, అద్దం వెనుక బిగించి, దేవుణ్ణి మరింత దేవుడిగా చేసిన భక్తులే ఈ శాస్త్రానికి ఆద్యులు. 1990లో ఫోటోషాప్ అనే సాఫ్ట్‌వేరు వెలువడి, 1994 నాటి 3.0 కూర్పులో ‘లేయరు’, అంటే చిత్రంలోని ఒక్కొక్క భాగాన్నీ విడివిడి పారదర్శక పొర మీద ఉంచి ఒకదానిపై ఒకటి పేర్చే సదుపాయం, చేరిన తరువాత చమ్కీకి జిగురుతో పని లేకపోయింది. ఆ సాఫ్ట్‌వేరు ఎన్ని కొత్త రూపాలెత్తినా 2002లో వచ్చిన 7.0 కూర్పును విడిచిపెట్టని ఆచార్యులు చాలాకాలం ఉన్నారు. కొత్తదానిలో ఏముందని అడిగితే, పాతదానిలో ఏం తక్కువైందని వారు ఎదురు ప్రశ్న వేసేవారు.

నిర్మాణ విధానంలో అతనిది కచ్చితమైన క్రమం. మొదట 8 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు గల తెల్లని చోటు తెరిచి, అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేయాలి గనుక 2400 చుక్కల అడ్డం, 3600 చుక్కల నిలువు లెక్కవేసి, దాని మీద పట్టుచీర అంచును పోలిన అల్లికను పరుస్తాడు. అంచుకు ఒకవైపు వెలుగును, రెండవవైపు నీడను చేర్చి చదునైన పసుపురంగును ఉబ్బెత్తు బంగారంగా భ్రమింపజేసే ప్రక్రియను ‘బెవెల్ అండ్ ఎంబాస్’ అంటారు. కంసాలి రోజుల తరబడి చేసే నగిషీని అతడు దీనితో టీ చల్లారేలోగా ముగిస్తాడు. ఆపైన హృదయాకారం గీసి, కింది పొర ఆకారాన్ని దాటి పై పొర కనిపించకుండా చేసే ‘క్లిప్పింగ్ మాస్క్’ సాయంతో వధూవరులను అందులో ఇముడుస్తాడు. ఆ హృదయం కొనదేలిన చోట వరుని పంచె అంచు పోయినా, వధువు తోడిపెళ్లికూతురు సగమే మిగిలినా, ఆకార శుద్ధి ముందు అవి గణనీయమైన నష్టాలు కావు.

నీడల విషయంలో అతని విశ్వదర్శనం ప్రత్యేకమైనది. వస్తువు తెర మీది నుంచి కొంచెం లేచి నిలిచినట్లు చూపేందుకు దాని వెనుక మసక నలుపును పరచడాన్ని ‘డ్రాప్ షాడో’ అంటారు. పొరలన్నిటికీ వెలుగు ఒకే దిక్కు నుంచి పడేలా చూసే ఏర్పాటు సాఫ్ట్‌వేరులోనే ఉన్నప్పటికీ, ఒక్కొక్క పొరనూ ఒక్కొక్క పాత పని నుంచి తెచ్చి అతికించే ఆచార్యునికి అంత ఏకాభిప్రాయం కుదరదు. అందువల్ల నెమలి నీడ ఎడమకు, కలశం నీడ కుడికి, పెళ్లికొడుకు నీడ నేరుగా పైకి పడి, ముహూర్త సమయానికి ఆకాశంలో కనీసం ముగ్గురు సూర్యులు ఉన్నట్లు ఖగోళ శాస్త్రజ్ఞులు నిర్ధారించవలసి వస్తుంది.

అతని ఆయుధాగారంలో ‘మ్యాజిక్ వాండ్’ అనే మంత్రదండం ఒకటి ఉంది. నొక్కినచోట ఉన్న రంగుకు దగ్గరగా ఉండే చుక్కలన్నిటినీ ఒక్క వేటున ఎంపిక చేయడం దాని ధర్మం. ఎంత దగ్గర రంగును తనవారిగా ఎంచాలో చెప్పే ‘టాలరెన్స్’ అనే సహనశక్తిని 0 నుంచి 255 వరకు మార్చుకోవచ్చు. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కాతో నిలబడిన పెద్దమనిషిపై ఈ దండాన్ని ప్రయోగించి, సహనాన్ని కొంచెం పెంచితే, గోడతోపాటు చొక్కా కూడా మాయమై, మీసమూ చేతిగడియారమూ మాత్రం అంతరిక్షంలో మిగులుతాయి. ఆచార్యుడు దీనికి కలవరపడడు. పూర్వం ఎవరికో చేసిపెట్టిన చొక్కా ఒకటి నిల్వలో ఉంటుంది గనుక దాన్ని తొడిగి పంపుతాడు. ఆ విధంగా ఒకే నీలిరంగు కోటు పట్టణంలోని ముప్పాతిక మంది పాసుపోర్టు ఫోటోలలో ఉద్యోగం చేస్తూ ఉంటుంది.

అసలు సంపద అతని హార్డు డిస్కులో ఉంది. పొరలు చెదరకుండా దాచిపెట్టే పీఎస్‌డీ దస్త్రాలు బారసాల, ఓణీల వేడుక, పంచెకట్టు, గృహప్రవేశం, షష్టిపూర్తి, పెద్దకర్మ అనే శీర్షికల కింద కొలువుదీరి ఉంటాయి గాని, వాటి మధ్య భేదం చూసేవారు అనుకున్నంత పెద్దది కాదు. పొర పక్కన ఉండే చిన్న కంటి గుర్తును నొక్కితే ఆ పొర కనబడుతుంది, మళ్లీ నొక్కితే దాగుతుంది. ఈ ఒక్క సూత్రంతో దీపం పొర కన్ను తెరిస్తే శ్రద్ధాంజలి, మూసి పూలదండ పొర తెరిస్తే షష్టిపూర్తి సిద్ధమవుతాయి. షోడశ సంస్కారాలన్నిటినీ రెండు నెమళ్లతో నడిపించగల ఈ పొదుపు శాస్త్రకారులకు కూడా తట్టలేదు. పని తొందరలో ఏదో ఒక కన్ను మూయడం మరచినప్పుడు మాత్రం, అరవయ్యేళ్లు నిండి ఆరోగ్యంగా పీటల మీద కూర్చోబోయే పెద్దాయన తన తల వెనుక అఖండదీపం వెలగడం చూసి కొంత ఆలోచనలో పడతాడు.

ఫ్లెక్సీ విభాగంలో కళ కాస్త వెనక్కి తగ్గి, రాజనీతి ముందుకు వస్తుంది. చదరపు అడుగుల లెక్కన అచ్చయ్యే ఆ బ్యానరులో నాయకుని నిలువెత్తు రూపం పక్కన అభిమానుల తలలు చిన్న చిన్న చట్రాలలో వరుసగా ఉండాలి. ఎవరి చట్రం ఎంత, ఎవరి తరువాత ఎవరు అన్నది ఆచార్యుని భుజం వెనుక నిలబడిన ఇద్దరు ముగ్గురు నిర్ణయిస్తారు. “అన్నా, మా బావ తల కొంచెం పెంచు” అని ఒకరు, “ఆయన కంటే మావాడు సీనియరు, పైకి జరుపు” అని ఇంకొకరు ఆజ్ఞాపిస్తుండగా, మౌసు పట్టిన చెయ్యి ఒక్క అరంగుళం కదిలితే వార్డు రాజకీయాలలో ముఠాలు మారుతాయని అతనికి తెలుసు. కనుక తలలన్నీ సమానమే అనిపించేలా ఉంచి, డబ్బు ఇచ్చినవారి తల వెనుక మాత్రం సన్నని కాంతివలయం చేరుస్తాడు.

అక్షరాల దగ్గర అతడు నిర్భయుడు. యూనికోడు కాని పాత తెలుగు ఫాంట్లలో టైపుచేసిన మాట, ఆ ఫాంటు లేని మరో కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తుల గుంపుగా మారుతుంది గనుక, అతడు ముందుజాగ్రత్తగా అక్షరాలను బొమ్మగా మార్చివేస్తాడు. ఆపైన ‘ప్రథమ వర్ధంతి’లోని థకారానికి బదులు ధకారం పడిందని ఎవరైనా పండితుడు గుర్తించినా దిద్దే వీలు ఉండదు; ఆ కుటుంబానికి సంబంధించినంతవరకు అదే ప్రామాణిక రూపమై గోడ మీద నిలుస్తుంది.

ఇన్ని చమత్కారాల నడుమ అతని నైపుణ్యం నిజంగా బయటపడే పని ఒకటి ఉంది. పోయిన పెద్దావిడకు విడిగా ఒక్క ఫోటో లేదని, పాతికేళ్ల నాటి పెళ్లి గ్రూపు ఫోటోలో మూడో వరుసలో తపాలాబిళ్లంత ముఖం మాత్రం ఉందని ఇంటివారు తెస్తారు. దాన్ని స్కాను చేసి, ముఖానికి అడ్డంగా పడిన మడతను పక్కనున్న చర్మపు రంగుతో పూడ్చి, ఎవరి చెయ్యో ఆమె భుజం మీద ఉంటే ఆ చెయ్యి తొలగించి, దాని కింద కనిపించని చీరను మిగిలిన చీర నుంచి ఊహించి అల్లడానికి అతనికి ఒక పూట పడుతుంది. అయితే తీరా చూపించినప్పుడు ఇంటివారు ఆ పూడ్చిన మడతను గమనించరు, అల్లిన చీరను గుర్తించరు, ఎందుకంటే సక్రమంగా చేసిన మరమ్మతు ఎవరికీ కనిపించకపోవడమే దాని లక్షణం. వారు మెచ్చుకొనేది చివర్లో రెండు నొక్కులతో చేర్చిన గులాబీలను.

ఫ్రేమాచార్యుని అలంకార వ్యామోహానికి మూలకారణం ఇక్కడే దొరుకుతుంది. విమర్శకులు అతని అభిరుచిని నిందిస్తారు గాని, అతని పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చొని, తెరకు వేలు ఆనించి పని చేయించుకొనే ఖాతాదారును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కంటికి కనిపించే శ్రమకే అతడు డబ్బు ఇస్తాడు, కనిపించని శ్రమ ఉచితమనుకుంటాడు. కాబట్టి ఒక పూట పడిన కష్టానికి రావలసిన కూలిని ఆచార్యుడు నెమళ్ల రూపంలోనూ చుక్కల రూపంలోనూ వసూలు చేసుకోవలసి వస్తుంది. పువ్వూ పిట్టా లేకుండా సన్నని నల్లగీత మాత్రమే చుట్టి, ముఖం మీదికి చూపు నేరుగా వెళ్లేలా చిత్రాన్ని అమర్చడం అతనికి రాక కాదు. అలా అమర్చి తెర మీద ఉంచిన ప్రతిసారీ, స్టూలు మీది మనిషి కాసేపు ఓపికగా చూసి, “ఇంకా మొదలుపెట్టలేదా అన్నా?” అని అడుగుతాడు.