బొక్క అతికేదాకా

నీళ్లలో మునిగిన క్షణాన నేను పుట్టాను. అంతకుముందు నేను ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టిన గాజుగుడ్డను, ఆ గుడ్డను అంటుకొని ఉన్న తెల్లటి పొడిని. మంచిర్యాల సర్కారు దవాఖానలో కవరు చింపి, బకెట్‌లో మామూలు నీళ్లలో ముంచి, బుడగలు ఆగాక పైకి తీసి, రెండు కొసలు పట్టుకొని మెల్లగా పిండారు. ఇక నాకు దొరికేది నాలుగైదు నిమిషాలే. ఆలోగా నన్ను ఏ చేతికి ఏ ఒంపులో చుడితే బతుకంతా అదే ఒంపు.

మాది రాతి వంశం. మన దేశంలో జిప్సమ్ ఎక్కువగా దొరికేది రాజస్థాన్‌లో. దాన్ని దాదాపు 150 డిగ్రీల వేడిలో కాలిస్తే లోపలున్న నీటిలో నాలుగింట మూడు వంతులు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మిగులుతుంది. ఆ నీటిని తిరిగి ఇవ్వగానే వేడిని విడుస్తూ మళ్లీ రాయి అవుతుంది. ఈ పొడిని నూలు పట్టీకి రుద్ది విరిగిన ఎముకలకు చుట్టే పద్ధతిని 1852లో ఆంటోనియస్ మథైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు లోకానికి చెప్పాడు. అప్పటిదాకా వాడిన గంజి పట్టీలు ఆరడానికి రోజులు పట్టేవి. యుద్ధంలో గాయపడినవాడికి అంత వ్యవధి ఎక్కడిది? క్రిమియా యుద్ధంలో రష్యా శస్త్రవైద్యుడు పిరగోవ్ ఇలాంటి పట్టీలతోనే సైనికుల కాళ్లూ చేతులూ నిలబెట్టాడు.

మంచిర్యాలలో నన్ను సిమెంట్ పట్టీ అంటారు. ఏసీసీ సిమెంటు ఫ్యాక్టరీని చూస్తూ పెరిగిన ఊరు కదా. చుట్టరికం కూడా ఉంది. సిమెంటు మరీ తొందరగా గడ్డకట్టకుండా క్లింకర్‌ను పొడి చేసేటప్పుడు మా జిప్సమ్‌నే కొంచెం కలుపుతారు.

నేను చేరింది ఒక అవ్వ కుడిచేతికి. శ్రీరాంపూర్ వైపు కాలనీలో ఇల్లు. భర్త బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. శ్రావణమాసపు ముసురులో నల్లా దగ్గర గచ్చు పాకురు పట్టింది. బిందెతో వస్తూ జారింది. పడేటప్పుడు ఎవరైనా చేయి చాపి నేలను ఆపుకుంటారు. ఒంటి బరువంతా అరచేతి మీదికి వచ్చి, ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక మణికట్టుకు కాస్త పైన విరిగి వెనక్కి జరిగింది. పక్కనుంచి చూస్తే చేయి భోజనాల ఫోర్కులా వంపు తిరుగుతుంది. ఐరిష్ వైద్యుడు అబ్రహాం కోలిస్ 1814లోనే ఈ విరుపు గురించి రాశాడు. రంట్‌గెన్ ఎక్స్‌రేను కనిపెట్టడానికి 81 ఏళ్ల ముందు, కేవలం వేళ్లతో తడిమి తెలుసుకున్నాడు! ఇప్పటికీ ఈ విరుపుకు ఆయన పేరే.

ఆ రాత్రి పసుపు, సున్నం కలిపి పట్టు వేసుకొని పడుకుంది. తెల్లారేసరికి చేయి ఉబ్బింది. కట్టు కట్టే ఆయన దగ్గరికి పోదామని పొరుగామె అన్నది. తెలుగునాట పుత్తూరు కట్టు తెలియనివారు లేరు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. ఎముకను కదలనీయకూడదన్న సూత్రం వాళ్లదీ నాదీ ఒకటే, అందుకు వాళ్లను గౌరవిస్తాను. కానీ ఎక్స్‌రే లేకుండా, వాపెక్కుతున్న చేయిని బిగించి కట్టే ఏ కట్టయినా నాకు భయమే, అది నాలాంటి పట్టీ అయినా సరే. లోపల కండరాలకు రక్తం అందక చచ్చిపోతే వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోతాయి. జర్మన్ వైద్యుడు ఫోల్క్‌మన్ 1881లో దీన్ని వివరించాడు. అవ్వ కోడలు పొరుగామె మాట వినకుండా ఆటో పిలిచింది. ఆ పిల్లకు దండం పెట్టాలి.

ఓపీ చిట్టీ, ఎక్స్‌రే అయ్యాక అసలు చిక్కు వచ్చింది. చేతికి మట్టి గాజులున్నాయి.

"అవ్వా, గాజులు తియ్యాలె" అన్నది నర్సమ్మ.

"ఈయన నా ముంగట ఉండంగ చేతులు బోసిగ ఎట్ల ఉంచుకోవాలె బిడ్డా?"

"వాపు ఇంక పెరుగుతది. గాజు బిగుసుకుంటే రత్తం ఆగుతది."

అవ్వ చేయి వెనక్కి లాక్కుంది. విరిగినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ముసలాయన దగ్గరికి వచ్చి, "నేనే చెప్తున్న, తియ్యనియ్యి. ఎడమచేతికి రెండెక్కువ ఏస్కుందువు" అన్నాడు. నర్సమ్మ గాజు కింద దూది పెట్టి ఒక్కొక్కటే జాగ్రత్తగా చిట్లించింది. వేలి ఉంగరాన్ని సబ్బు నీళ్లతో తీసింది. చేయి విరిగిన ఆడమనిషికి వైద్యం అక్కడే మొదలవుతుంది. నర్సమ్మ కంగారు పెట్టకుండా, కసురుకోకుండా ఆ పని చేసిన తీరును నేను మరవను.

తర్వాత డాక్టర్ విరిగినచోటే మత్తుసూది వేశాడు. 2022 నవంబర్ 15న ఈ ఊళ్లో మొదలైన వైద్య కళాశాల పిల్లలు కొందరు చుట్టూ నిలబడి చూశారు. ఒకరు మోచేతి దగ్గర గట్టిగా పట్టుకున్నారు. డాక్టర్ బొటనవేలినీ మిగతా వేళ్లనూ పట్టి నిదానంగా లాగాడు. ఇరుక్కున్న ముక్కలు విడిపోయాక, వెనక్కి జరిగిన ముక్కను తన బొటనవేలితో ముందుకు నొక్కి, మణికట్టును కొంచెం కిందికి, చిటికెనవేలి వైపుకు వంచాడు. ముందు దూది, దాని మీద నేను. "వేళ్లతో నొక్కొద్దు, అరచేత్తో దువ్వాలి" అని పిల్లలకు చెప్పాడు. నా మీద వేలిగుంట పడితే అదే లోపల చర్మానికి పుండవుతుంది. వాపుకు చోటివ్వాలి కాబట్టి మొదట నన్ను ఒకవైపే పరిచి మెత్తటి బ్యాండేజీతో చుట్టారు. వారం తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీసి, ముక్కలు కుదురుగా ఉన్నాయని చూశాక చుట్టూ పూర్తి చేశారు.

"కాలుతున్నది బిడ్డా!" అన్నది అవ్వ. నేను గట్టిపడేటప్పుడు పుట్టే వేడి అది, కాసేపటికి తగ్గుతుంది.

పంపేటప్పుడు డాక్టర్ చెప్పినవన్నీ కోడలు శ్రద్ధగా విన్నది. చేయి గుండె కన్నా ఎత్తులో ఉండాలి. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గక పెరుగుతున్నా అర్ధరాత్రయినా రావాలి. గోరు నొక్కి వదిలితే వెంటనే ఎర్రబారాలి. ఇక్కడే ఒక ఇబ్బంది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు గోళ్లకు ఇంకా ఉంది, రంగు తెలియదు. డాక్టర్ ఆ చేతిని చూసి, గోరు వదిలి వేలి కొస కండను నొక్కి చూడమన్నాడు. రాత్రి దిండ్ల మీద చేయి పెట్టుకొని అవ్వ పడుకుంటే, కోడలు లేచి లేచి వేలికొసలు నొక్కి చూసింది.

ముసలాయనకూ ఒకప్పుడు చేయి విరిగింది. బాయిలో బొగ్గు మోసే టబ్బు తగిలి. ఆ కథ ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. లోపలే బద్ద కట్టి, స్ట్రెచర్ మీద పైకి తెచ్చి, ఏరియా ఆసుపత్రికి పంపారట. పనిచోట దెబ్బ తగిలి మనిషి 72 గంటలు, ఆపైన పనికి రాలేకపోతే దాన్ని రాసి పై అధికారులకు తెలపాలని అప్పటి 1952 గనుల చట్టం చెప్పేది. ఆయన విరిగిన చేయి రికార్డుకెక్కింది. ఎట్లా తగిలింది, ఎందుకు తగిలింది అని అడిగారు. కార్మికులు పోరాడి తెచ్చుకున్న న్యాయం అది, ఉండాల్సిందే. ఆ మాటలు వింటూ నేను పట్టుకొని ఉన్న చేతిని తలుచుకున్నాను. మూడు షిఫ్టులకూ వేళ తప్పకుండా టిఫిన్ డబ్బా కట్టిన చేయి, ఎన్నో ఏళ్లు జొన్నరొట్టె తట్టిన చేయి. అది పనికి రాకుండా పోతే ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. గచ్చు మీద పాకురు ఎందుకుందని ఎవరూ అడగలేదు. నాకు ఇది అన్యాయంగా తోచింది, ఇప్పటికీ తోస్తుంది.

అన్నం దగ్గర అవ్వ మంకుపట్టు పట్టింది. ఎడమచేత్తో తిననన్నది. స్పూనూ వద్దన్నది. నా అంచు దాటి బయటికి ఉన్న కుడిచేతి వేళ్లతోనే చిన్న చిన్న ముద్దలు కలుపుకొని తిన్నది. మొదట్లో సగం మెతుకులు కిందే. నా అంచుకు పప్పు మరకలు అంటుకున్నాయి. తర్వాతిసారి డాక్టర్ ఆ మరకలు చూసి సంతోషపడ్డాడు. గంటగంటకూ వేళ్లు ముడవాలి, తెరవాలి అని ఆయన అందరికీ చెబుతాడు. చాలామంది చేయి కదిపితే బొక్క జరుగుతుందని భయపడి బొమ్మలా ఉంచుకుంటారు. పట్టీ విప్పేనాటికి వేళ్లు బిగుసుకుపోతాయి. అవ్వ చేతిని ఆ ప్రమాదం నుంచి కాపాడింది అన్నం ముద్దే. ఎముకను అతికించేది నేను కాదు. అది తనంతట తానే అతుక్కుంటుంది. నేను కదలకుండా పట్టుకుంటాను, అంతే.

దురద మాత్రం ఆమెను చాలా బాధపెట్టింది. ఒకరోజు చీపురుపుల్ల తీసుకుంది. మనవడు చూసి లాక్కున్నాడు. లోపల గీరుకుంటే చీము పడుతుందని వాడికి ఎవరు చెప్పారో. స్నానానికి నా మీద పాలిథిన్ కవరు కట్టేవారు. నేను తడిస్తే మెత్తబడతాను, మెత్తబడితే ఎందుకూ కొరగాను.

ఆరో వారంలో నన్ను తీశారు. రంపం మోతకు అవ్వ కళ్లు మూసుకుంది. ఆ రంపం గుండ్రంగా తిరగదు, సన్నగా అటూ ఇటూ వణుకుతుంది. గట్టిగా ఉన్న నన్ను కోస్తుంది, మెత్తటి చర్మం దానితోపాటే కదులుతుంది కాబట్టి తెగదు. లోపలి చేయి సన్నబడి, పొట్టు రేగి ఉంది. "బతుకమ్మకు చప్పట్లు కొట్టొచ్చా సారూ?" అని అడిగింది. మెల్లగా కొట్టొచ్చు, బిందె మాత్రం ఇంకా ఎత్తొద్దు అన్నాడు డాక్టర్. గోరువెచ్చని నీళ్లలో మణికట్టు తిప్పే వ్యాయామం నేర్పించాడు. తర్వాత అడిగిన ప్రశ్నకు ఇంటివాళ్లు ముఖాలు చూసుకున్నారు: "అవ్వకు ఎముకల బలం పరీక్ష ఎప్పుడన్నా చేయించారా?"

నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే బొక్క విరిగిందంటే లోపల అది గుల్లబారి ఉండొచ్చు. నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్లకు ఎముకలు వేగంగా పలచబడతాయి. తరచూ మొదట మణికట్టు విరుగుతుంది, ఆ తర్వాత వెన్నుపూస, తుంటి. తుంటి విరిగిన ముసలివాళ్లలో చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. ఆ తుంటికి నాలాంటి పట్టీ చాలదు, ఆపరేషన్ కావాలి. అవ్వకు పరీక్ష రాశారు, మందులూ రాశారు. ముసలాయన ఆ చిట్టీని అంగీ జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

నేను ఇప్పుడు పసుపుపచ్చ సంచిలో ఉన్నాను. గాయాల కట్లు, వాడిన దూది వేసే సంచి ఇది. ఇక్కడి నుంచి కాల్చే చోటికి పోతాను. పోయేలోగా ఇది చదివే కొడుకులను, కోడళ్లను, బిడ్డలను ఒకటి అడుగుతున్నాను. మీ ఇంట్లో యాభై దాటిన అమ్మ జారిపడి మణికట్టు విరిగితే, పట్టీ విప్పిన రోజే ఆమె ఎముకల బలం పరీక్ష చేయించండి. నల్లా దగ్గర పాకురు ఈ ఆదివారమే గీకెయ్యండి.