ఇనుప యెడ్ల ఈడు: సటీకా తాత్పర్యం

అవతారిక

నెల్లూరు తీరాన మైపాడు, కోడూరు, ఇస్కపల్లి దారుల్లో, రొయ్యల గుంటల గట్ల వెనక, సరుగుడు నీడలో ఎప్పుడైనా ఒక పాత చైన్ డోజర్ తగలవచ్చు. సీటు ఉండదు, పొగగొట్టంలో పిచ్చుక గూడు ఉంటుంది. ఓనరును అడిగితే “మా తాత కాలం నాటిది” అంటాడు. పాత ఇనుము కొనేవాణ్ణి అడిగితే “కిలో లెక్క” అంటాడు. ఒకరు కాలాన్ని సాగదీస్తారు, ఇంకొకరు కాలంతో పనే లేదంటారు. ఈ ఇద్దరి నడుమ తీర్పు కోసం కింది పద్యం పుట్టింది. కవీ వ్యాఖ్యాతా ఒకరే కాబట్టి కవిహృదయం గురించి వివాదం లేదు. కావ్యవ్యాఖ్యాత మల్లినాథ సూరికి ఈ సౌకర్యం దొరకలేదు.

మూలం

రంగు చూచి వయసు రాయకు మెన్నడు
పలక మీది మొదలి పలుకు చదువు
గొలుసు నడుమ జాగ కొలిచి చూచినగాని
యీడు తెలియదయ్య యినుప యెడ్ల.

ప్రతిపదార్థం

అయ్య = ఓ పాత ఇనుము వ్యాపారీ; రంగు చూచి = పసుపుపచ్చ పెయింటును కనులారఁ గాంచి; వయసు = తయారైన సంవత్సరమును; ఎన్నడు = వేలంపాట నాడైనను; రాయకుము = కాగితము మీద పెట్టకుము; పలక మీది = నంబరు రేకు మీది; మొదలి పలుకు = అంకెల వరుసకు ముందుండు గుర్తును; చదువు = తుప్పు గీకి పఠింపుము; గొలుసు నడుమ జాగ = ఎడమ చైను నడిమి నుండి కుడి చైను నడిమి వఱకుఁ గల దూరమును; కొలిచి చూచినగాని = టేపు పట్టిననే తప్ప; ఇనుప యెడ్ల = చైన్ ట్రాక్టర్ల యొక్క; ఈడు = వయస్సు; తెలియదు = బోధపడదు.

తాత్పర్యం

పెయింటు అబద్ధమాడుతుంది, నంబరు ఆడదు. నంబరు మీదా అనుమానం వస్తే టేపు సాక్ష్యం చెబుతుంది.

విశేషాలు

“రంగు చూచి”: క్యాటర్‌పిల్లర్ కంపెనీ 1925లో హోల్ట్, బెస్ట్ అనే రెండు సంస్థల కలయికతో ఏర్పడింది. 1931 డిసెంబరు దాకా దాని బండ్లు బూడిద రంగువి, ఆ నెల నుంచి పసుపు. 1979లో ఆ పసుపు ఛాయ కూడా మారింది. కాబట్టి పసుపు చెప్పగలిగేది మహా అయితే “1931 తర్వాత” అని. అదీ కంపెనీ వేసిన పసుపు అయితేనే. ఇంటర్నేషనల్ వాళ్ల చైన్ ట్రాక్టర్లు చాలాకాలం ఎరుపు, అలిస్ చామర్స్ వాళ్లవి నారింజ. మన షెడ్లో ఉండేది ఒకటే డబ్బా, దాన్లో ఉండేది పసుపే. అందుచేత బానెట్టు లోపలి మూల కాస్త గీకి చూడాలి. అడుగున ఎరుపు తేలితే వంశం వేరు. ముదురాకుపచ్చ తేలితే ఆ బండి ఒకప్పుడు సైన్యంలో కొలువు చేసి ఉండవచ్చు.

“మొదలి పలుకు”: ఈ పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. పాత క్యాటర్‌పిల్లర్ నంబరులో ముందుండే గుర్తే గోత్రం. 3జె, 5జె అని ఉంటే 1938–47 నడిమి డి2 రకం. 4యు, 5యు అయితే 1947–57 నడిమి డి2. 6యు, 7యు అంటే డి4, 8యు, 9యు అంటే డి6. ఈ నాలుగూ 1947–59 నాటివి. 3టి అంటే 1944–55 నాటి డి7. 2యు అని చూసి డి2 అనుకోరాదు, అది 1945–53 నాటి డి8. అలా అనుకున్నవాడి పొరపాటు బరువు దాదాపు పదమూడు టన్నులు. గుర్తు తర్వాతి అంకె ఆ రకంలో ఎన్నో బండో చెబుతుంది. కంపెనీ జాబితాలో ఆ అంకెను వెతికితే తయారైన ఏడు దొరుకుతుంది.

ఇక డి80 అని కనిపించగానే అమెరికా పేరెత్తరాదు. డి అక్షరం జపాను కొమాట్సు వాళ్లూ వాడారు. 1964లో ఏర్పడిన మన బెమెల్ ఆ కొమాట్సు సాంకేతికతతోనే డోజర్లు చేసింది. బెమెల్ ముద్ర ఉన్న బండికి 1964కు ముందు పుట్టుక అంటగట్టడం చెల్లదు.

పాఠాంతరం: ఉప్పుగాలి తాకిన రేకు మీద 5కూ 6కూ భేదం చెరిగిపోతుంది. “5యు” అని ఒక పాఠం, “6యు” అని మరొక పాఠం. మొదటిది డి2, రెండోది డి4. ఈ సందేహం తీర్చడానికే మూడో పాదం అవతరించింది.

“గొలుసు నడుమ జాగ”: డి2లో 4యు చైన్ల నడిమి దూరం 40 అంగుళాలు, 5యుది 50. డి4లో 6యుది 44, 7యుది 60. డి6లో 8యుది 60, 9యుది 74. కనుక టేపు మీద 50 వస్తే 5యు పాఠమే గ్రాహ్యం, 44 వస్తే 6యు. మరి 60 వస్తే? అది డి4 కావచ్చు, డి6 కావచ్చు. అప్పుడు సిలిండర్లు లెక్కపెట్టాలి. నాలుగుంటే డి4, ఆరుంటే డి6.

ఆక్షేపం: “ఈ తీరమంతా ఇసుక. ఇసుక చైను పిన్నులనూ బుష్షులనూ తినేస్తుంది. ఎన్నిసార్లు మారిందో తెలియని చైనును కొలిచి పుట్టుక చెప్పడమేంది సామీ?”

సమాధానం: మారేది చైను, దాన్ని మోసే చట్రం కాదు. నడిమి దూరాన్ని నిర్ణయించేది చట్రమూ ఇరుసూ. చైను కొత్తదైనా జాగ పాతదే. కవి “గొలుసు” అనకుండా “గొలుసు నడుమ జాగ” అన్నందుకు కారణం ఇదే.

ప్రక్షిప్తాలు: తాళపత్ర గ్రంథాల్లో లేఖకులు తమ పద్యాలు చేర్చినట్టే డోజర్లలో మెకానిక్కులు ఇంజన్లు చేరుస్తారు. ఆ కాలపు క్యాటర్‌పిల్లర్లలో ఇంజను మీదా వెనక గేరు పెట్టె మీదా ఒకే నంబరు ఉండాలి. రెండూ కలవకపోతే ఇంజను ప్రక్షిప్తం. అప్పుడు బండి ఈడు వెనక నంబరు బట్టే చెప్పాలి. డీజిలు ఇంజనును తిప్పడానికి పక్కన రెండు సిలిండర్ల పెట్రోలు పిల్ల ఇంజను ఇంకా ఉంటే మూలపాఠం చాలావరకు నిలిచినట్టు. దాని స్థానంలో సెల్ఫ్ మోటారు వెలిస్తే ఎవరో సంస్కర్త చెయ్యి పడిందన్నమాట.

“ఈడు”: ఎడ్ల సంతలో పళ్లు చూసి ఈడు చెబుతారు. అక్కడ పుట్టిన ఏడు తెలిస్తే చాలు, ఇనుప యెద్దుకు రెండు ఏళ్లు తెలియాలి: పుట్టినదీ, ఈ గట్టుకు చేరినదీ. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా సైన్యం ఇక్కడ వదిలిన ట్రాక్టర్లతో కేంద్ర ట్రాక్టరు సంస్థ పని మొదలుపెట్టింది. మధ్య భారతంలో రెల్లుగడ్డి వేళ్లు పెకలించడానికి 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. మన దేశానికి చైన్ ట్రాక్టర్లు పెద్దయెత్తున దిగిన కాలమది. నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల జోరు 1990ల మాట. ఆ జోరు కోర్టు దాకా వెళ్లి, తీరంలోని రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు 1996 డిసెంబరు 11న వచ్చింది. అంటే 5యు రకం బండి ఇక్కడ గుంట తవ్వి ఉంటే అప్పటికే దానికి మూడు దశాబ్దాలు పైబడి, ఎన్నో చేతులు మారి ఉండాలి. కాబట్టి ఓనరు మాటలో సగం నిజం: బండి పుట్టింది తాత కాలంలోనే, ఇంటికి వచ్చింది మాత్రం నాన్న కాలంలో.

ఛందస్సు

ఆటవెలది. ఇంత ఇనుముకు ఇంత తేలిక పద్యమా అంటే, డి2 బరువు మూడు టన్నుల పైచిలుకే. డి8 అయితే మత్తేభంలో రాసేవాళ్లం. మూడో పాదంలో గొ–కొ యతి శాస్త్రసమ్మతం. తిక్కన తిరిగిన జిల్లాలో యతి తప్పే ధైర్యం ఈ కవికి లేదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని కంఠస్థం చేసి, చేత ఇనుప బ్రష్షు, సుద్దముక్క, టేపు ధరించినవాడు గేరు పెట్టె వెనక తుప్పు తుడిచి, సుద్ద రుద్ది, గుంటల్లో తెల్లగా తేలిన అంకెలను చదువుతాడు. చదివి, ఫొటో తీసి, ఆ తర్వాతే కాటా దగ్గరికి వెళ్తాడు. ముక్కలు కోశాక చదువుదామనుకునేవాడికి మూలమూ ఉండదు, వ్యాఖ్యానంతో పనీ ఉండదు.